రేస్ ఇస్తే పడిపోతున్న జెట్ స్కీ: కార్బొరేటర్ కొనే ముందు

ప్రశ్న: మాది అల్వాల్. ఊరి బయట ఒక రిసార్టు చెరువులో బోటింగ్ కాంట్రాక్టు చేస్తున్నాను. నిరుడు విశాఖ బీచ్‌లో తిరిగిన పాత యమహా జెట్ స్కీ ఒకటి కొన్నాను. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 701 సీసీ. ఎండాకాలం బాగానే నడిచింది. వానాకాలమంతా షెడ్డులో పెట్టేశాం, ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు బయటికి తీస్తే సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతోంది, ఐడిల్ నిలబడుతోంది, మెల్లగా పోతే ఏ ఇబ్బందీ లేదు. సగానికి మించి రేస్ ఇస్తే మాత్రం ‘బ్వా’ అని మూలిగి పడిపోతోంది. వదిలితే మళ్లీ తేరుకుంటుంది. ఇంటి దగ్గర గార్డెన్ పైపు పెట్టి స్టార్ట్ చేస్తే ఫుల్ రేస్ కూడా బ్రహ్మాండంగా తీసుకుంటోంది. ప్లగ్గులు మార్చాం. కార్బొరేటర్ రెండుసార్లు క్లీన్ చేయించాం. పెట్రోలు ఎక్కడా లీకు లేదు. వైజాగ్ బండి హైదరాబాద్ ఎత్తుకు సెట్ కాదు, కార్బొరేటర్ మార్చాల్సిందేనని మా ఉస్తాద్ అంటున్నాడు. కొత్తది తెప్పించమంటారా?
— ఆర్., అల్వాల్

జవాబు: ఆర్. గారూ, వద్దు, ఇప్పుడే తెప్పించకండి. మీరు రాసిందే మళ్లీ ఒకసారి చదువుకోండి. వానాకాలమంతా సగం ట్యాంకుతో కదలకుండా పడి ఉన్న బండి. స్టార్టింగ్ బాగుంది, ఐడిల్ బాగుంది, లోడు పడగానే పడిపోతోంది. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం ముందు పోయేది కార్బొరేటర్ మీదికి కాదు, ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా పెట్రోలు నడిచే దారి మీదికి. కొత్త కార్బొరేటర్ వేసినా ఆ దారి పాతదే కదా. వేలు పోసి తెచ్చినది కూడా అక్కడే మూలుగుతుంది.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. కారణం తేలేదాకా, కింద చెప్పే పరీక్షలకు తప్ప, ఆ బండిని సగం దాటి రేస్ చేయకండి. ‘ఒక్కసారి ఫుల్ రేస్ కొడితే కచ్చరా అంతా ఊడి బయటికి పోతుంది’ అని షెడ్డుల్లో చెబుతుంటారు. స్కూటర్ విషయంలో ఏమోగానీ దీనికి మాత్రం ఆ వైద్యం పనికిరాదు. టూ స్ట్రోక్ ఇంజిన్లో పిస్టన్‌ను చల్లబరిచే పనిలో లోపలికి వచ్చే పెట్రోలుకు పెద్ద వాటా ఉంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే, అంటే మిక్చర్ లీన్ అయితే, పిస్టన్ తల మీద వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ స్థితిలో పూర్తి లోడు మీద కాసేపు నడిపితే పిస్టన్ అంచు కరగొచ్చు, తలకు చిల్లు పడొచ్చు, సిలిండర్‌కు పట్టేయొచ్చు. ఇప్పుడు మీకున్నది పైపుల ఖర్చు. అప్పుడు బోరు, పిస్టన్ ఖర్చు అవుతుంది.

గార్డెన్ పైపు పరీక్ష సంగతి. మీ ఉస్తాద్‌ను అయోమయంలో పడేసింది అదేననుకుంటాను. జెట్ స్కీకి గేర్లు లేవు, క్లచ్ లేదు. ఇంజిన్ మీద పడే లోడంతా, నీళ్లను వెనక్కి చిమ్మి బండిని నడిపే పంపులో తిరిగే ఇంపెల్లర్‌దే, అంటే రెక్కల చక్రానిదే. బండి నీళ్లలో ఉంటే, ఆర్‌పీఎం రెట్టింపయ్యేసరికి ఆ ఇంపెల్లర్ అడిగే బలం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఇంటి ముందు ట్రైలర్ మీద ఇంపెల్లర్ ఒట్టి గాలిలో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్‌కు పనే లేదు. చెంచాడు పెట్రోలుతోనే గిర్రున తిరిగేస్తుంది. అందుకే మీ జబ్బు ఇంటి దగ్గర ఎన్నటికీ బయటపడదు. పైగా లోడు లేకుండా ఫుల్ రేస్ ఇవ్వడం ఇంజిన్‌కు మంచిది కాదు, ఆ అలవాటు మానండి. ఇంజిన్‌ను చల్లబరచడానికి పైపు పెట్టినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేశాకే నీళ్లు విప్పాలి, నీళ్లు కట్టేశాకే ఇంజిన్ ఆపాలి. వరస తిరగబడితే ఎగ్జాస్ట్ గుండా నీళ్లు సిలిండర్లలోకి పోతాయి.

కాబట్టి పరీక్షలన్నీ చెరువులోనే. జెట్టీకి రెండు తాళ్లతో గట్టిగా కట్టి, కనీసం 90 సెంటీమీటర్ల లోతున్న చోట చేయండి. అంతకన్నా తక్కువ లోతైతే పంపు అడుగునున్న ఇసుక, గులకరాళ్లు పీల్చుకుంటుంది. బండి వెనక ఎవరినీ నిలబడనివ్వకండి. ఆగే తాడు, అంటే లాగితే ఇంజిన్‌ను ఆపేసే తాడు, మణికట్టుకే ఉండాలి. రిసార్టు వాళ్లు ఒప్పుకోలేదని గండిపేట వైపో హిమాయత్‌సాగర్ వైపో తీసుకెళ్లకండి. అవి ఊరికి తాగునీళ్లిచ్చే చెరువులు, టూ స్ట్రోక్ ఆయిలు కలిసే చోట్లు కావు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మూలిగినప్పుడు ఆర్‌పీఎం పడిపోతోందా, పెరుగుతోందా? మీ మాటల్ని బట్టి పడిపోతోందనే అర్థం చేసుకున్నాను. కానీ మీటరు చూసో, చెవితో వినో మరొక్కసారి రూఢి చేసుకోండి. ఇంజిన్ కీచుమని పైకి లేస్తూ బండి మాత్రం ముందుకు పోకపోతే అది ఇంజిన్ జబ్బే కాదు, పంపు జబ్బు. మన చెరువుల్లో దానికి కొదవలేదు. గుర్రపుడెక్క వేర్లు, పాలిథిన్ కవర్లు, వినాయక నిమజ్జనం అయ్యాక పూలదండల దారాలు, కొబ్బరి తాళ్లు. హుస్సేన్‌సాగర్‌లోనే కాదు, విగ్రహాలు కలిపే ప్రతి చెరువులోనూ ఇదే కథ. ఇంపెల్లర్‌కు ముందు షాఫ్టు చుట్టూ దారం పొరలు పొరలుగా చుట్టుకుని, బురద పట్టి, షాఫ్టులో భాగమే అన్నంత గట్టిగా అయిపోతుంది. పైనుంచి చూస్తే కనబడదు. ఇసుకకు అరిగి ఇంపెల్లర్‌కూ దాని చుట్టూ ఉండే వేర్ రింగుకూ మధ్య సందు పెరిగినా ఇదే తంతు.

మీ ఆర్‌పీఎం పడిపోతున్నా సరే, పంపును ఒకసారి చూసేయండి, పావుగంట పని. బండిని ట్రైలర్ మీదికి లాగి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆగే తాడు తీసేసి, ఆ తర్వాతే అడుగు జాలీ గుండా టార్చి వేసి చూడండి. ఇంపెల్లర్‌ను చేత్తో తిప్పితే ఇంజిన్ కంప్రెషన్ తగలాలి తప్ప ఎక్కడా గరగరమనకూడదు. షాఫ్టుకు చుట్టుకున్న దారం, తాడు గట్టిగా బిగుసుకుని ఉంటే అదే ఇంజిన్‌ను లాగి పట్టేస్తుంది.

పంపు బాగుంటే అసలు పరీక్షకు వద్దాం. దీనికి డబ్బు ఖర్చు లేదు, కావలసింది చోక్ ఒక్కటే. ఇంజిన్ బాగా వేడెక్కాక, జెట్టీకి కట్టిన బండి మీద, అది సరిగ్గా మూలగడం మొదలుపెట్టే చోటి దాకా రేస్ ఇచ్చి పట్టుకోండి. చోక్‌ను పావు వంతు లాగండి. రెండు మూడు సెకన్లు చాలు. ఇంజిన్ ఊపిరి తీసుకుని పైకి లేస్తే పెట్రోలు చాలడం లేదన్నమాట, లీన్. ఇంకా ముక్కుతూ పొగ కక్కితే పెట్రోలు ఎక్కువైంది, రిచ్. ఏ తేడా లేకపోతే దారి వేరే, దాని గురించి కింద చెబుతాను.

దీనికి సాక్ష్యం ప్లగ్గుల్లో కూడా దొరుకుతుంది. మూలుగుతున్న సమయంలోనే ఆగే తాడు లాగి ఇంజిన్ ఆపేయండి. ఐడిల్‌కు తెచ్చి ఆపితే ఐడిల్ సంగతే చదువుతారు, జబ్బు సంగతి కాదు. రెండు ప్లగ్గులూ తీసి ఏది ఏ సిలిండర్‌దో రాసిపెట్టుకోండి. లోపలి తెల్ల పింగాణీ మొదట్లో చూడాలి. లేత గోధుమ రంగు పట్టి ఉంటే మంచిదే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, దాని మీద సూది మొనంత మెరిసే చుక్కలు కనిపిస్తే అక్కడితో పరీక్షలు ఆపేయండి, పిస్టన్ లోహం కరగడం మొదలైందన్నమాట. నల్లగా తడిగా ఉంటే రిచ్. ఒకటి తెల్లగా, ఒకటి గోధుమ రంగులో ఉంటే జబ్బు ఒక్క సిలిండర్‌దే. మీ ప్లగ్గులు కొత్తవి కాబట్టి రంగు పట్టడానికి కొంత టైం పడుతుంది. చోక్ చెప్పిన మాటనే ముందు నమ్మండి.

లీన్ అనే తేలుతుందని నా అంచనా. అక్కడి నుంచి ట్యాంకు వైపు నడుద్దాం.

ట్యాంకు మూత కాస్త వదులు చేసి నడపండి. అంతే. పెట్రోలు బయటికి పోయిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. దానికోసం ఒక సన్న పైపు, దాని మధ్యలో గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే చిన్న వాల్వు ఉంటాయి. అది మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పుట్టి పెట్రోలును వెనక్కి లాగుతుంది. ఐడిల్‌లో ఖర్చు తక్కువ కాబట్టి తెలియదు, రేస్ ఇస్తే తెలుస్తుంది. షెడ్డులో నెలల తరబడి నిలబడ్డ బండికి ఆ పైపు బయటి మూతిలో మట్టిగూడు పెట్టే కందిరీగ కాపురం పెట్టడం మామూలే. మూత వదులు చేయగానే బండి సాఫీగా లాగితే ఆ పైపు ఊడదీసి ఊదండి, కథ ముగిసింది. మూత వదులుగా ఉన్నప్పుడు నిదానంగా, జెట్టీకి కట్టే నడపండి, పెట్రోలు తొణకనివ్వకండి.

ఆ తర్వాత పెట్రోలు ట్యాపును ఆన్ నుంచి రిజర్వ్‌కు తిప్పి చూడండి. ఆన్‌కూ రిజర్వ్‌కూ ట్యాంకులో వేరువేరు గొట్టాలుంటాయి. రిజర్వ్‌లో బాగుంటే ఆన్ గొట్టం జాలీకి కచ్చరా పట్టిందన్నమాట. రెండింటిలోనూ ఒకేలా ఉంటే ట్యాపు లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఈ ట్యాపును ఎవరూ విప్పరు. సముద్రపు గాలి తిన్న బండిలో దాని లోపల ఆకుపచ్చ చిలుం, తెల్ల పొడి పట్టి దారి సన్నగిల్లిపోయి ఉంటుంది.

ఇక మీరు రాసిన ‘ఎక్కడా లీకు లేదు’ అన్న మాట. ఇక్కడ కొంచెం ఆగాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. మోటార్ సైకిల్లో ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. పైపుకు చిల్లు పడితే పెట్రోలు కారుతుంది, నేల మీద మరక కనిపిస్తుంది. జెట్ స్కీలో ట్యాంకు కింద ఉంటుంది, పెట్రోలు పంపు (వెనకున్న నీళ్ల పంపు కాదు) ఇంధనాన్ని పైకి పీల్చుకోవాలి. పీల్చే పైపుకు పగులుంటే పెట్రోలు బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరిబోండం తాగినట్టు ఉంటుంది పరిస్థితి: మెల్లగా పీలిస్తే నీళ్లొస్తాయి, గట్టిగా పీలిస్తే గాలే వస్తుంది. మీ బండి ఐడిల్‌లో బాగుండి రేస్‌లో పడిపోవడానికి ఇంతకన్నా సరిపోయే కారణం నాకు కనిపించడం లేదు. క్లిప్పు కింద, మలుపు దగ్గర పైపును వేళ్లతో వంచి చూడండి. వెంట్రుకంత సన్నని బీటలు వంచితేనే నోరు తెరుస్తాయి.

దీన్ని తేల్చేది క్యాన్ పరీక్ష. మన బైక్ మెకానిక్‌లు బండి ట్యాంకును పక్కనపెట్టి, సీసాకు పైపు తగిలించి ఇంజిన్ నడిపి చూస్తారు కదా, అదే పద్ధతి. శుభ్రమైన చిన్న పెట్రోలు క్యాన్, కొత్త పెట్రోలు, కొత్త పైపు. ట్యాంకు నుంచి పెట్రోలు పంపుకు వచ్చే పైపును ఊడదీసి దాని మూతి మూసేయండి. క్యాన్ పైపును నేరుగా పంపు మూతికి పెట్టండి. ట్యాంకుకు తిరిగిపోయే రిటర్న్ పైపును కూడా క్యాన్‌లోకే వదలండి, లేకపోతే మీ మంచి పెట్రోలంతా ట్యాంకులోకి పోతుంది. ఆయిల్ పంపు పనితీరు మీద ఏమాత్రం అనుమానమున్నా లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున బోటు ఇంజిన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిలు కలపండి, బైకులకు పోసే 2టీ కాదు. క్యాన్ పైపు మధ్యలో జానెడు పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు వస్తున్నాయో లేదో కళ్లారా చూడొచ్చు. ఆ ముక్క పరీక్షకే, పరీక్ష అయ్యాక తీసేయండి. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పైపు పెట్రోలు తగిలితే కొన్నాళ్లకే చెక్కలా బిగుసుకుపోతుంది.

ఈ పరీక్షలో నిప్పు భయం ఉంది, తేలిగ్గా తీసుకోకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బండి అడుగున పేరుకుని కూర్చుంటుంది. సీటు తీసి కాసేపు గాలి ఆడనిచ్చాకే సెల్ఫ్ కొట్టండి. క్యాన్ ఇంజిన్ పక్కన కాకుండా జెట్టీ మీద ఉండాలి. అగ్నిమాపక సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి. బీడీ, సిగరెట్ ఉన్నవాళ్లను గేటు దగ్గరే ఆపండి.

క్యాన్ మీద బండి నిండుగా లాగితే ఇంజిన్, కార్బొరేటర్, పెట్రోలు పంపు అన్నీ బాగున్నట్టే. తప్పు ట్యాంకు వైపుది. పాత పైపులన్నీ పీకి కొత్తవి వేసేయండి, ఒక్కొక్కటీ పరీక్షిస్తూ కూర్చోవద్దు. పైపులు, క్లిప్పులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. ఇథనాల్ తట్టుకునే ఫ్యూయల్ హోస్ అని గట్టిగా అడగండి, పైపు మీద ముద్రించిన మాట చదవండి. ‘అన్నీ ఒకటే సార్’ అంటే పక్క దుకాణానికి వెళ్లండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలు మీ బండి పుట్టిననాటి పెట్రోలు కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కల్లా దేశమంతా పరుచుకుంది. పాత రబ్బరును ఇథనాల్ మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. లోపలి పొర ఊడి ముక్కలుగా ఫిల్టర్లో చేరుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలం నెలలు, సగం ఖాళీ ట్యాంకు, చుట్టూ చెమ్మ. నీరు ఒక హద్దు దాటగానే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగిపోతాయి. మీ గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే.

ఇది మీరే చూడొచ్చు. ట్యాంకు అడుగు నుంచి సన్న పైపుతో అరలీటరు తీసి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకంతా ఖాళీ చేయాల్సిందే. కొత్త పెట్రోలు పోసి పలచన చేద్దామనుకోకండి, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. పొర కనిపించకపోతే, కొలత గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నీళ్లలో ఒక చుక్క సిరా వేసి, బాగా కుదిపి వదలండి. తేరుకున్నాక కింది నీళ్ల పొర 10 దగ్గర ఉండదు, దాదాపు 30 దాకా ఎక్కుతుంది. ఆ పెరిగినదంతా ఇథనాల్. ఒకసారి కళ్లతో చూశారంటే సీజన్ అయిపోయాక ట్యాంకులో పెట్రోలు వదిలేయాలని మీకు మళ్లీ అనిపించదు. మీ బండిలో నీటిని వేరుచేసే సెపరేటర్ ఉంటుంది కదా, దాని అడుగు స్క్రూ విప్పి అందులోనూ ఏముందో చూడండి.

మీ ఉస్తాద్ చెప్పిన ఎత్తు సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఆయన మాటలో నిజం లేకపోలేదు. విశాఖ సముద్ర మట్టం, మనం 500 మీటర్ల పైన ఉన్నాం. గాలి పలచబడి ఇంజిన్ బలం ఐదారు శాతం తగ్గుతుంది. కానీ గాలి పలచబడితే మిక్చర్ రిచ్ వైపు జరుగుతుంది, లీన్ వైపు కాదు, అదీ కొద్దిగానే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి ఈ20 మిక్చర్‌ను లీన్ వైపు అంతకంటే ఎక్కువగా లాగుతుంది. పైగా ఎత్తే కారణమైతే ఎండాకాలంలో కూడా మూలగాలి కదా. మొన్న వేసవిలో అల్వాల్ ఎత్తు ఇంతే ఉంది!

క్యాన్ మీద కూడా మూలిగితే అప్పుడు కార్బొరేటర్ వైపు తిరుగుదాం, అదీ కొనడానికి కాదు, విప్పడానికి. ఇందులో పెట్రోలు పంపు నడిచేది కరెంటుతో కాదు. క్రాంక్‌కేసులో ఏర్పడే ఒత్తిడి హెచ్చుతగ్గులు ఒక చిన్న పైపు గుండా వచ్చి పంపులోని డయాఫ్రమ్ అనే పల్చటి పొరను ఆడిస్తాయి. ఆ పల్స్ పైపుకు బీట ఉంటే ఐడిల్‌కు సరిపడా ఆడుతుంది, రేస్‌కు చాలదు. అదే పైపును ఊడదీసి లోపల వేలు పెట్టి చూడండి. పెట్రోలు తడి, వాసన తగిలితే డయాఫ్రమ్ చిరిగిందన్నమాట. నెలల తరబడి ఎండిపోయిన డయాఫ్రమ్ చిరగకపోయినా కాగితంలా బిగుసుకుంటుంది, దాని పక్కనుండే చిన్న రెక్కలు సరిగా మూసుకోవు.

‘రెండుసార్లు క్లీన్ చేయించాం’ అన్నారు. ఎలా చేశారో అడగండి. మూతి దగ్గర స్ప్రే కొట్టి గాలి పట్టడాన్ని నేను క్లీనింగ్ అనను. మికుని కంపెనీ డయాఫ్రమ్ కార్బొరేటర్లలో చాలావాటికి లోపల చిటికెన వేలి గోరంత జాలీ ఒకటుంటుంది. పక్క కవరు విప్పితేగానీ అది కనబడదు. ట్యాంకు అడుగు కచ్చరా, ఊడిన రబ్బరు పొరా వచ్చి చేరేది దాని మీదే. దాన్ని తీసి వెలుతురుకు ఎత్తి చూడండి, అవతలి వెలుగు సమంగా కనిపించాలి. జెట్‌లను తీగతో పొడవనివ్వకండి, రంధ్రం సైజు మారితే మళ్లీ దారికి రాదు. డయాఫ్రమ్‌లుండే రిపేరు కిట్ అసలుదే కొనండి, చవక డయాఫ్రమ్‌ల మందం తేడాగా ఉంటుంది. పక్కనున్న రెండు స్క్రూలను ఇప్పటికే ఎన్నిసార్లు తిప్పారో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన కొలతకు తెచ్చి వదిలేయండి. దారి మూసుకుపోయిన బండికి స్క్రూ తిప్పి పెట్రోలు పెంచడమంటే జబ్బును దాచిపెట్టడమే.

చోక్ లాగితే ఇంకా ముక్కితే, అంటే రిచ్ అయితే, చూడవలసినవి తక్కువే. చోక్ రెక్క పూర్తిగా తెరుచుకుంటోందా, నీడిల్ కూర్చునే చోట అరిగి కారుతోందా, గాలి లోపలికి పోయే ఫ్లేమ్ అరెస్టర్ ఆయిలుతో బిగుసుకుందా, వెనక వాటర్ బాక్సులో అడ్డుపలక విరిగి ఎగ్జాస్ట్‌కు అడ్డం పడిందా.

చోక్‌తో ఏ తేడా రాకపోతే కరెంటు వైపు. అక్కడ శబ్దమే తేడా చెబుతుంది. పెట్రోలు చాలక పడిపోయే ఇంజిన్ మెల్లగా మూలుగుతూ పడుతుంది. కరెంటు పోయినది స్విచ్ కట్టినట్టు ఠక్కున తెగి, మళ్లీ ఠక్కున అందుకుంటుంది. సముద్రపు బండి కాబట్టి ఎర్త్ వైరు బోల్టులు, కనెక్టర్లు విప్పి ఉప్పు, చిలుం గీకేయండి. ఇంకొకటి, కొన్ని యమహా మోడళ్లలో ఇంజిన్ వేడెక్కితే బజర్ మోగించి ఆర్‌పీఎంను అదే కట్టేస్తుంది. ఉప్పు పేరుకుని కూలింగ్ దారి సన్నబడితే ఇది జరుగుతుంది. పక్కనుంచి వచ్చే సన్నటి నీటి ధార ఎప్పటిలాగే వస్తోందా లేదా గమనించండి.

వీటన్నిటికీ ముందే చేయగలిగితే మంచిది కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలవడం. ఇంజిన్ వేడిగా ఉండగా రెండు ప్లగ్గులూ తీసి, ప్లగ్ వైర్లను ఎర్త్‌కు తగిలించి, ఒక్కో ప్లగ్గు రంధ్రానికి కంప్రెషన్ గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంతన్నదాని కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటకూడదు. ఇలాంటి ఇంజిన్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇంచుమించు 120 నుంచి 150 పీఎస్‌ఐ చూపిస్తాయి, మన ఎత్తులో కాస్త తక్కువ. ఏదైనా ఒకటి 100 కిందికి పడితే మూలుగుతూనే ఇన్నాళ్లు నడిపిన ఫలితమది. హెడ్ విప్పాలి, పెట్రోలు పైపుల పనీ చేయించాలి. పైపులు వదిలేసి పిస్టన్ మాత్రం మార్పిస్తే కొత్త పిస్టన్ కూడా అదే దారి పడుతుంది.

ఫోర్ స్ట్రోక్ బండ్లున్న పాఠకులకు ఒక్క ముక్క. మీకు చోక్ పరీక్ష వర్తించదు. బ్యాటరీ వోల్టేజీ, ట్యాంకులోని కరెంటు పంపు ఒత్తిడి, స్కానర్‌లో వచ్చే కోడ్ చూడాలి. సూపర్‌చార్జర్ ఉన్న సీ-డూ అయితే దాని స్లిప్ క్లచ్ జారుతోందేమో చూడాలి. ఇవన్నీ చూసే ముందు చేతిలో ఉన్నది నేర్చుకునేవాళ్లకిచ్చే లర్నింగ్ కీ కాదని నిర్ధారించుకోండి, అది పెడితే బండి వేగాన్ని అదే తగ్గిస్తుంది.

ఆర్. గారూ, వరస మళ్లీ మీ ఉస్తాద్‌తో కూర్చుని అనుకోండి. ముందు కంప్రెషన్, పంపు చూసి, చోక్, మూత, రిజర్వ్, క్యాన్. ఒక్క పొద్దులో అయిపోతాయి, చివరి దానికి తప్ప పైసా ఖర్చు లేదు. క్యాన్ మీద కూడా మూలిగి, కార్బొరేటర్ విప్పి కిట్ వేశాక కూడా తీరకపోతే మళ్లీ రాయండి. అప్పుడు రెండు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, పల్స్ పైపు పొడిగా ఉందా తడిగా ఉందా, రెండు ప్లగ్గుల ఫోటో పంపండి. ఇంజిన్ సీరియల్ నంబరు కూడా జత చేయండి, కిట్ నంబరు దాన్ని బట్టే చెప్పగలను.